దాణా బస్తాకు బదులు పప్పుజాతి పచ్చిమేత: లెక్కకు నిలుస్తుందా?

పెన్నా_పాడి
మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లె. ఆరు ముర్రా గేదెలున్నాయి. వాటిలో నాలుగు పాలిస్తున్నాయి, ఒకటి చూడితో ఉంది, ఇంకొకటి పడ్డ. అర ఎకరంలో సూపర్ నేపియర్ గడ్డి ఉంది, వామిలో వరిగడ్డి ఉంది, మిగిలినదంతా కొనే దాణాయే. పదిహేను రోజులకొకసారి పాల కేంద్రం నుంచి వచ్చే డబ్బులో సగానికి పైగా దాణా అంగడికే వెళ్ళిపోతోంది. ఈ మధ్య ఒక పాడి రైతుల సమావేశానికి వెళితే, అలసంద, లూసర్న్ వంటి పప్పుజాతి మేతలు వేస్తే దాణా ఖర్చు బాగా తగ్గుతుందని వేదిక మీద చెప్పారు. ఎంత తగ్గుతుంది, ఆ మేత పండించడానికి ఎంతవుతుంది అని అడిగితే మాత్రం వేసి చూడమన్నారు. నాకున్నది మొత్తం రెండెకరాలు కాబట్టి వేసి చూడటానికి ముందే లెక్క చూసుకోవాలనుకుంటున్నాను. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో నిజంగా వేసి, దాణా తగ్గించి, డబ్బు మిగుల్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా? పాలు పెరుగుతాయని చెప్పేవారు ఎన్ని రూపాయలు పెరుగుతాయో కూడా దయచేసి చెప్పండి.

లెక్కల_మాస్టారు
దాణాలో మనం ఎక్కువ డబ్బు పెట్టి కొనేది మాంసకృత్తులను. వరిగడ్డి ఎండు పదార్థంలో అవి 3, 4 శాతానికి మించవు. నేపియర్‌లో కోత వయసును బట్టి 8 నుంచి 10 శాతం ఉంటాయి. పూత దశలో కోసిన అలసందలో 16 నుంచి 18 శాతం, లూసర్న్‌లో 20 శాతం దాకా ఉంటాయి. పది కిలోల పచ్చి అలసందను ఆరబెడితే సుమారు కిలోన్నర పైచిలుకు ఎండు పదార్థం తేలుతుంది, దానిలో మాంసకృత్తులు దాదాపు 270 గ్రాములు. 20 శాతం మాంసకృత్తులున్న దాణాలో అంతే రావాలంటే కిలో 350 గ్రాములు కావాలి. 50 కిలోల బస్తా 1,400 రూపాయలనుకుంటే ఆ దాణా విలువ 38 రూపాయలు. అంటే పచ్చి అలసంద కిలో విలువ మూడు రూపాయల ఎనభై పైసలు. నీటి వసతి ఉన్న ఎకరంలో పది టన్నులు వస్తే 38,000 రూపాయల దాణా మన చేలోనే పండినట్లు. అదీ రెండు నెలల పైరుకు. దీనికి తోడు వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని నేలలో నిలుపుతాయి కాబట్టి తరువాతి పైరుకు యూరియా కూడా మిగులుతుంది.

దర్శి_బర్రెలు
మాస్టారూ, మా బర్రె కాళ్ళ కింద వేసి తొక్కే మేతను ఏ గడిలో రాశారు?

లెక్కల_మాస్టారు
చాఫ్ కట్టర్‌తో నరికి గాడిలో వేసేవారికి ఆ గడి అక్కరలేదు. లేనివారు నాలుగో వంతు తీసివేసి చదువుకోవచ్చు.

కొండపి_పొగాకు
మాస్టారి లెక్కలో రాబడి ఉంది గానీ ఖర్చు లేదు. నేను అలసంద వేశాను కనుక చెబుతున్నాను. ఎకరాకు పదిహేను కిలోల విత్తనం, రెండు దున్నకాలు, సూపర్ ఫాస్ఫేట్, తడులు అన్నీ కలిపి 8,000 రూపాయల దాకా అవుతాయి. అక్కడితో అయిపోతే బాగానే ఉండును. అసలు ఖర్చు కోతది. 500 రూపాయలు తీసుకునే కూలి మనిషి రోజుకు 400 కిలోలు కోసి మోపు కట్టి ఇంటికి చేరిస్తే గొప్ప. పది టన్నులకు అదే 12,500 అవుతుంది. మొత్తం 20,500, కిలోకు రెండు రూపాయల పైన. పది టన్నులు రాకుండా ఏడు టన్నులే వస్తే కిలో రెండు రూపాయల నలభై పైసలకు పడుతుంది. ఇందులో కౌలు కలపలేదు. పొగాకు వేసే నేలకు మా వైపు ఉన్న కౌలు వేసుకుంటే దాణా కొనడమే మేలనిపిస్తుంది.

యూరియా మిగులుతుందన్నది కూడా సగం మాటే. పైరును పచ్చిరొట్టగా కలియదున్నితే నత్రజని నేలలో ఉంటుంది. మొదలంటా కోసి ఇంటికి తెచ్చుకుంటే అందులో ఎక్కువ భాగం మేతతో పాటు గాడికే వస్తుంది. ఆ పేడ తిరిగి అదే చేలోకి వెళితేనే ఆ లెక్క చెల్లుతుంది. మా ఊళ్ళో పేడ మొత్తం ట్రాక్టరు లెక్కన అమ్ముకుంటారు.

వెటర్నరీ_కావలి
ఇద్దరి లెక్కలనూ కొంచెం సవరించవలసి ఉంది. గేదె పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులు పచ్చిమేతలోని మాంసకృత్తులను చాలా త్వరగా విడగొడతాయి. అదే సమయంలో వాటికి చాలినంత శక్తినిచ్చే పిండి పదార్థం అందకపోతే కొంత మాంసకృత్తు మూత్రంలో పోతుంది. అందువల్ల 270 గ్రాములకు 270 గ్రాములు అని సరిపెట్టలేము. ఎనిమిది నుంచి పది కిలోల మంచి పప్పుజాతి పచ్చిమేత ఒక కిలో దాణాకు సమానమని పశువైద్యులు చాలాకాలంగా చెబుతున్నది ఇందుకే. మాస్టారు అనుకున్న బస్తా ధరకే లెక్కిస్తే కిలో పచ్చిమేత విలువ రెండు రూపాయల ఎనభై పైసల నుంచి మూడున్నర దాకా ఉంటుంది.

రెండవది, దాణాను పూర్తిగా మానేయడం గురించి ఎవరూ ఆలోచించవద్దు. శరీర పోషణకు ఇచ్చేది కాక, రెండు లీటర్ల గేదె పాలకు ఒక కిలో దాణా అన్న వాడుక లెక్క ప్రకారం ఎనిమిది లీటర్లిచ్చే గేదెకు నాలుగు కిలోలు కావాలి. దానిలో కిలో లేదా కిలోన్నర వరకు పప్పుజాతి మేతతో భర్తీ చేయవచ్చు. అంతకు మించి తగ్గిస్తే ఎక్కువ పాలిచ్చే పశువు ఒంటి కండ కరిగించుకుని పాలిస్తుంది. ఆ నష్టం ఆలస్యంగా ఎదకు రావడంలో బయటపడుతుంది. నాలుగైదు లీటర్లిచ్చే గేదెకు మాత్రం మంచి పచ్చిమేత, కొంచెం తవుడు, ఖనిజ లవణాలు ఇస్తే దాణా చాలా వరకు తగ్గించవచ్చు. నిజానికి ఈ మేతల లాభం ఎక్కువగా అందేది అటువంటి పశువులున్నవారికే.

మూడవది అపాయం. మంచు తడి ఆరని లేత లూసర్న్ గానీ అలసంద గానీ ఆకలి మీదున్న పశువుకు కడుపునిండా వేస్తే పొట్ట ఉబ్బరం వస్తుంది, గంటలలో ప్రాణం మీదికి వస్తుంది. కోసి కొన్ని గంటలు వాడనిచ్చి, వరిగడ్డితో కలిపి నరికి వేయాలి. ముందుగా కొంత ఎండుగడ్డి తినిపిస్తే మరీ మంచిది.

లెక్కల_మాస్టారు
డాక్టరు గారి సవరణ ఒప్పుకుని, కొండపి వారి ఖర్చు కూడా కలిపి తిరిగి వేశాను. బాగా పండి మేత విలువ పై అంచున ఉంటే కిలోకు రూపాయి నలభై ఐదు పైసలు, తక్కువ పండి విలువ కింది అంచున ఉంటే నలభై పైసలు మిగులుతాయి. ఎకరాకు మూడు వేల లోపు నుంచి పద్నాలుగు వేల పైన దాకా. కోత ఇంటివారే కోసుకుంటే 12,500 అదనంగా ఇంట్లోనే ఉంటుంది.

వలేటివారిపాలెం
కోత ఖర్చు ఇంట్లోనే ఉంటుందని రాసినవారు ఒక్క వారం కొడవలి పట్టి కోసి చూడాలి. మా ఇంట్లో మేత కోసేది, మోపు నెత్తిన పెట్టుకుని కిలోమీటరు నడిచి తెచ్చేది నేనే. పాల డబ్బు ఖాతాలో పడేది మా ఆయన పేరున. ఇంటి ఆడవారి కూలికి సున్నా వేస్తే ఏ పైరైనా లాభంగానే కనిపిస్తుంది.

అందుకే మేము అలసంద చేను వెతుక్కోకుండా కొట్టం వెనుక గట్టు పొడవునా దశరథ గడ్డి (పేరుకు గడ్డే గానీ పప్పుజాతి పొద), అవిశ చెట్లు వేసుకున్నాము. ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది, దున్నకం లేదు, తడి లేదు, స్నానాల నీళ్ళే పారుతాయి. మోత లేదన్నదే దానిలో నాకున్న పెద్ద లాభం. ఉదయం పాలు పితికి, నాలుగు మండలు కోసి, నరికి వేసేసరికి ఎండెక్కదు. దాణా గేదెకు కిలో తగ్గించాము, పాలు తగ్గలేదు. పెరగనూ లేదు.

కొండపి_పొగాకు
వలేటివారిపాలెం గారు చెప్పింది నేను చెప్పదలచుకున్న దానికంటే గట్టిగా ఉంది. ఒప్పుకుంటున్నాను.

పాలబిందె
మాకు లూసర్న్ వేశాక వెన్న ఒక పాయింటు పెరిగింది. ఆ లాభం ఎవరూ లెక్కలో వేయలేదు.

దర్శి_బర్రెలు
పాయింటు పెరిగింది గేదెలోనా, కేంద్రంలోని యంత్రంలోనా?

వెటర్నరీ_కావలి
వెన్న శాతం మీద జాతి, ఈనిన తరువాత గడిచిన కాలం, తినే పీచు ఎక్కువగా పనిచేస్తాయి. ఈనిన కొత్తలో వెన్న తక్కువగా ఉండి, పాలు తగ్గుతున్న కొద్దీ పెరుగుతుంది కాబట్టి, అదే సమయంలో ఏ మేత మార్చినా ఆ పేరు మేతకు వస్తుంది. పస్తులుంటున్న పశువుకు మంచి మేత పెడితే ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘన పదార్థం) కొంత మెరుగుపడటం మాత్రం చూస్తుంటాము.

వెన్న కంటే పెద్ద లాభం మరొకటి ఉంది. మండు వేసవిలో వరిగడ్డి మీద బతికే గేదెకు విటమిన్ ఎ తయారు చేసుకోవడానికి కావలసిన కెరోటిన్ అందదు, సున్నం (కాల్షియం), భాస్వరం చాలవు. వరిగడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న సున్నాన్ని కూడా పట్టి ఉంచుతాయి. పప్పుజాతి మేతలో సున్నం, కెరోటిన్ రెండూ ఎక్కువ. ఒక్క ఎద తప్పితే మరో 21 రోజులు ఆగాలి, గేదెలలో మూగ ఎద ఎక్కువ కాబట్టి అది కూడా కనిపించకుండా పోవచ్చు. ఆ రోజులన్నీ పశువును వట్టినే మేపినట్లు. ఒక్క జాగ్రత్త ఉంది. ఈనడానికి చివరి రెండు మూడు వారాలలో చూడి గేదెకు లూసర్న్ విపరీతంగా వేయవద్దు. ఈనిన వెంటనే పాలజ్వరం వచ్చే అవకాశం పెరుగుతుంది.

సోమశిల_ఆయకట్టు
మాగాణి రైతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా చిన్నతనంలో వరి కోతకు నాలుగైదు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే, ఎకరాకు పది పన్నెండు కిలోల పిల్లిపెసర అనే పప్పుజాతి పైరు గింజలు చల్లేవారు. దున్నకం లేదు, ఎరువు లేదు, ఉన్న తేమతోనే మొలిచి మోకాలెత్తు లేచేది. కొంత కోసి మేపి, కొంత ఎండబెట్టి, మిగిలింది కలియదున్నేవారు. ఖర్చు విత్తనం ఒక్కటే. కొండపి వారి కౌలు అభ్యంతరం దీనికి వర్తించదు, ఎందుకంటే ఆ రెండు నెలలు పొలం ఎలాగూ బీడుగా ఉంటుంది.

అది ఎందుకు పోయిందో కూడా చెప్పాలి. చేతి కోత పోయి మిషను వచ్చింది. మొలకెత్తుతున్న పిల్లిపెసర మీదుగా కోత మిషను, దాని వెనుక ధాన్యం ట్రాక్టరు, ఆపైన గడ్డి కట్టలు చుట్టే మిషను తిరిగితే చక్రాల గాళ్ళు పడినంత మేరా మొలక ఉండదు. నెల్లూరు మాగాణిలో కోతలు మార్చిలో మొదలవుతాయి కాబట్టి ఎండ కూడా వెంటాడుతుంది, ఒక్క తడైనా ఇవ్వలేకపోతే పిల్లిపెసర జానెడు కూడా లేవదు. ఎడగారుకు (రెండో పంటకు) నీళ్ళు వదిలిన ఏడు పొలం ఖాళీయే ఉండదు. ఇప్పుడు నేను చేస్తున్నది ఏమిటంటే, మిషను పోయిన తరువాత గడ్డి తీసేసి, ఆఖరి తడి పెట్టి, పైపైన ఒక్క సాలు గొర్రు తోలి చల్లుతున్నాను. ఖర్చు కొంత పెరిగింది, అయినా అలసందలో సగం కూడా కాదు. దిగుబడి కూడా సగమే అని ముందే చెబుతున్నాను, మాస్టారు నా మీద పడకముందే.

పెన్నా_పాడి
మా ఊళ్ళో కోత అయిన మర్నాటి నుంచి ఊరి గొడ్లు, గొర్రెల మందలు ఏ పొలంలోనైనా దిగుతాయి. అది తరతరాల వాడుక, కాదనడానికి వీల్లేదు. ఒక్కడిని పిల్లిపెసర చల్లితే ఊరందరికీ మేత వేసినట్లే కదా?

సోమశిల_ఆయకట్టు
అవును, ఒక్కరే వేస్తే అంతే. మా కాలువ కింద పదిమంది పక్కపక్క మళ్ళ వాళ్ళం ఒకేసారి చల్లి, మందలవారితో ముందుగా మాట్లాడుకున్నాము. కోసుకున్న తరువాత మోళ్ళ మీద మంద కట్టుకోవడానికి వారికి ఒప్పుకున్నాము. మంద ఎరువు మనకూ కావలసిందే కాబట్టి తగవు రాలేదు. ఊరు ఊరంతా ఒప్పుకోవాలని కూర్చుంటే మాత్రం ఈ పని జరగదు.

కందుకూరు_కాయ
అందరూ కొత్త మేతలు వేయడం గురించే మాట్లాడుతున్నారు. ఇప్పటికే పండుతున్న పప్పుజాతి మేతను మనం ఏం చేస్తున్నాము? మా ఇసుక నేలల్లో వేరుశనగ పండిస్తాము. కాయ కోశాక మిగిలే కట్టెలో మాంసకృత్తులు వరిగడ్డి కంటే రెండు మూడు రెట్లు ఉంటాయి, ఆకు రాలకుండా ఎండబెడితే ఇంకా మెరుగు. మా ఊళ్ళో దాన్ని ట్రాక్టరు లెక్కన బయటి బేరగాళ్ళకు అమ్మేసి, ఆ డబ్బుతో దాణా కొంటారు. అమ్మిన కట్టెకు వచ్చే ధర, దానితో కొన్న దాణా లెక్క వేసి చూపిస్తే మా బాబాయి ఆ సంవత్సరం నుంచి అమ్మడం మానేశారు. మినుము కట్టె, శనగ పొట్టు, కంది పొట్టు, ఇవన్నీ అటువంటివే. పెన్నా_పాడి గారు ఎకరం భూమి మేతకు కేటాయించే ముందు చుట్టుపక్కల ఊళ్ళల్లో కళ్ళాల దగ్గర ఏమి దొరుకుతుందో చూడాలి. వానకు తడిసి బూజు పట్టిన కట్టెను మాత్రం ఉచితంగా ఇచ్చినా తేవద్దు.

దర్శి_బర్రెలు
మా వైపు కంది కొట్టాక పొట్టును చేలోనే తగలబెట్టేవారు ఇంకా ఉన్నారు. నాలాంటివాళ్ళం నాలుగు గోతాలు పట్టుకెళ్ళి అడిగితే "ఊడ్చుకుపో" అంటారు. మా కొట్టంలో ఎండాకాలం మేతలో మూడో వంతు అదే.

ఇంకో సంగతి. ప్రకాశం జిల్లాలో కాగితపు గుజ్జు కోసం సుబాబుల్ చెట్లు చాలా మేర వేశారు. కర్ర కొట్టాక మోడు నుంచి చిగురు గుబురుగా వస్తుంది. ఆ ఆకులో 20 శాతానికి మించి మాంసకృత్తులున్నాయంటారు. అది మేపితే వెంట్రుకలు రాలుతాయని మా ఊరి పెద్దలు ముట్టుకోనివ్వరు. నిజమేనా, లేక మా పెద్దల బట్టతలకు సుబాబుల్ మీద నెపమా?

చదువరి
పెద్దల మాట నిజమే. సుబాబుల్‌లో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది. పశువు దాన్నే ఎక్కువగా తింటే వెంట్రుకలు రాలడం, గొంతు గ్రంథి వాయడం, బరువు తగ్గడం జరుగుతాయి. మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా, మిగతా గడ్డితో కలిపి వేస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఆస్ట్రేలియాలో ఈ బెడద చూసిన రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త, హవాయిలోని మేకలు సుబాబుల్ ఎంత తిన్నా చెక్కుచెదరకుండా ఉండటం గమనించారు. వాటి పొట్టలో ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవులున్నట్లు తేలింది. 1980లలో వాటిని ఆస్ట్రేలియా పశువుల పొట్టలోకి ఎక్కించి ఫలితం సాధించారు. తరువాత అందులో ఒక సూక్ష్మజీవికి ఆయన పేరు మీదే జోన్సీ అని పేరు పెట్టారు.

లాభనష్టాల సంగతికి వస్తే, ఉష్ణ మండలంలో చిన్న పాడి రైతుల లెక్కలు బాగా నమోదైన చోటు కెన్యాలోని ఎంబు ప్రాంతం. అక్కడ కాలియాండ్ర అనే పప్పుజాతి పొదను గట్ల మీద, కంచెల వెంట, ఇంటి దారుల పక్కన వేశారు. మూడు కిలోల పచ్చి ఆకు ఒక కిలో పాడి దాణాకు సాటి అని, ఒక ఆవుకు ఏడాది పొడవునా రోజుకు ఆరు కిలోలు వేయాలంటే సుమారు 500 మొక్కలు కావాలని తేల్చారు. మన అలసందకు ఎనిమిది, పది కిలోలు కావలసి ఉండగా దానికి మూడు కిలోలే ఎందుకు చాలాయంటే చెట్టు ఆకులో నీరు తక్కువ, అక్కడి దాణాలో మాంసకృత్తులు కూడా 16 శాతం దగ్గరే. వారు లాభపడటానికి ముఖ్య కారణం పైరు భూమిని ఒక్క అడుగు కూడా తగ్గించకపోవడం. వలేటివారిపాలెం గారు గట్టు మీద చేస్తున్నది సరిగ్గా అదే.

నిమ్మతోట_పొదలకూరు
మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్ళి నెల్లూరు పేరుతో అక్కడి పచ్చికలన్నీ ఏలుతున్నాయి. బదులుగా దక్షిణ అమెరికా మనకు వేరుశనగ, స్టైలో అనే పప్పుజాతి మేత పంపింది. బేరంలో ఎవరు గెలిచారో మాస్టారు తేల్చాలి.

స్టైలో గురించి నా అనుభవం చెబుతాను. నిమ్మ చెట్ల వరుసల మధ్య ఎలాగూ కలుపు లేస్తుంది, దాన్ని తీయించడానికి ఏడాదికి రెండుసార్లు డబ్బు పెట్టాలి. అక్కడ స్టైలో హమాటా చల్లాను. గింజ పైపొర గట్టిది కాబట్టి మరిగించి దింపిన నీళ్ళలో కొద్ది నిమిషాలు ఉంచి, చన్నీళ్ళతో కడిగి, ఆరబెట్టి చల్లాలి, లేకపోతే సగం కూడా మొలవదు. మొదటి ఏడు చూడటానికి అసహ్యంగా ఉంటుంది, ఎవరికీ నచ్చదు. రెండో ఏడు నుంచి నేల కప్పేసింది, గింజ రాలి తానే మొలుస్తోంది. కలుపు కూలి మిగలడమే నాకు మేత కంటే పెద్ద రాబడి అయింది. చెట్టు పాదుల్లోకి మాత్రం రానివ్వకూడదు, నిమ్మ వేళ్ళు పైపైనే ఉంటాయి, నీటికి పోటీ పడుతుంది. నిమ్మకు మందు కొట్టినప్పుడు డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా ఆ మేత కోయకూడదు. ఈ కారణంగా అవసరమైన రోజునే మేత దొరకని సందర్భాలు ఉన్నాయి.

ఎర్రనేల_కనిగిరి
మాకు కాలువా లేదు, చెరువూ లేదు. ఉన్న బోరు మీద డ్రిప్పు పెట్టి పావు ఎకరంలో దశరథ గడ్డి వేశాను. విత్తిన మూడు నెలలకు మొదటి కోత, ఆ తరువాత నలభై రోజులకొకటి. సుబాబుల్‌కు చుట్టమే గానీ దీనిలో మిమోసిన్ బెడద లేదు. వేరు లోతుకు దిగాక ఎండలు ముదిరినా నిలబడింది. పక్క చేలో అదే ఎండకు నేపియర్ ఆకు పసుపుబారిపోయింది.

లూసర్న్ మా నేలకు నేను సిఫారసు చేయను. అది చల్లని నెలల పైరు, అక్టోబరు, నవంబరులో విత్తాలి. నెల్లూరు వైపు సరిగ్గా ఆ సమయానికే తుపాను వానలు పడి లేత మొక్క నీళ్ళలో కుళ్ళుతుంది. విత్తనం సంగతి ఇంకా దారుణం. ఒక అంగడిలో కొన్న గింజలతో పాటు బంగారు తీగ కూడా వచ్చింది. పసుపు దారాల లాగా అల్లుకుని పైరంతా పీల్చేసింది. అది పట్టిన మేరా కోసి తగలబెట్టడం తప్ప మార్గం లేదు. ధ్రువీకరించిన విత్తనం దొరకకపోతే లూసర్న్ జోలికి పోవద్దు.

పాలబిందె
నేను డిసెంబరు మొదటి వారంలో, వానలు వెనుకబట్టాక విత్తుతాను. రెండు కోతలు తగ్గుతాయి గానీ మొక్క బతుకుతుంది. నల్లరేగడిలో మురుగు కాలువ తీస్తే ఇబ్బంది లేదు.

కొండపి_పొగాకు
ఇంతసేపూ అందరూ మేత ఖర్చు గురించే మాట్లాడారు. నేను మా ఊళ్ళో చూసింది వేరు. పచ్చిమేత వేసినవారిలో ఎక్కువమంది దాణా తగ్గించరు. అలసంద వేస్తూనే పాత కొలత ప్రకారమే దాణా పోస్తారు, ఎందుకంటే తగ్గిస్తే పాలు పడిపోతాయన్న భయం. అప్పుడు అలసంద ఖర్చు పూర్తిగా అదనపు ఖర్చే. మిగిలిన మాంసకృత్తు మూత్రంలో పోతుందని డాక్టరు గారే చెప్పారు. దాణా కొలిచే డబ్బా మార్చనివారికి ఈ చర్చలోని ఏ లెక్కా వర్తించదు.

వెటర్నరీ_కావలి
కొండపి వారి పరిశీలన నిజం. తగ్గించేటప్పుడు ఒక్కసారిగా కాకుండా, వారానికి గేదెకు అర కిలో చొప్పున తగ్గిస్తూ పాలు రాసుకోవాలి. రెండు మూడు రోజుల హెచ్చుతగ్గులను పట్టించుకోకుండా వారం సగటు చూడాలి. సగటు పడిపోతే అక్కడ ఆగాలి. ఈనిన మొదటి రెండు నెలల్లో ఉన్న గేదె మీద ఈ ప్రయోగం చేయవద్దు.

లెక్కల_మాస్టారు
పెన్నా_పాడి గారి నాలుగు గేదెలకు వేసి చూపిస్తాను. గేదెకు రోజుకు పదిహేను కిలోల అలసంద వేసి కిలోన్నర దాణా తగ్గిస్తే నాలుగింటికి అరవై కిలోల మేత, ఆరు కిలోల దాణా. నేను అనుకున్న ధరలో రోజుకు 168 రూపాయల దాణా మిగులుతుంది. కూలి పెట్టి కోయిస్తే అరవై కిలోల మేతకు 130 రూపాయల పైన అవుతుంది, మిగిలేది నెలకు వెయ్యి రూపాయల చిల్లర. ఇంటివారే కోస్తే మేతకు అరవై రూపాయలు, నెలకు 3,200 రూపాయలు మిగులుతాయి. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా లాభం కాదు, కోసిన మనిషి కూలి అని వలేటివారిపాలెం గారి మాటగా రాస్తున్నాను.

ఇక భూమి. అలసంద లేతగా, పూతతో మేపడానికి పనికొచ్చే కాలం ఇరవై రోజులే. ఒకేసారి ఎకరం వేస్తే సగం ముదిరిపోతుంది. రోజుకు అరవై కిలోల లెక్కన ఇరవై రోజులకు 1,200 కిలోలు, అంటే పన్నెండు సెంట్లు. ఇరవై రోజులకొక మడి చొప్పున నాలుగు మళ్ళు వేస్తే మొదటిది ఖాళీ అయ్యేసరికి మళ్ళీ విత్తవచ్చు. మొత్తం అర ఎకరం లోపే.

పెన్నా_పాడి
నాకు కావలసిన లెక్క దొరికింది. ఎకరం కేటాయించే ఆలోచన మానుకున్నాను. నేపియర్ అర ఎకరంలో మూడు వరుసలకు ఒక వరుస చొప్పున దశరథ గడ్డి పెడతాను, కొట్టం గట్టు మీద అవిశ వేస్తాను. వరి కోసిన తరువాత నీళ్ళు ఉంటే పక్క మడివారితో మాట్లాడి పిల్లిపెసర చల్లుతాను. అలసంద రెండు మళ్ళు మాత్రం వేసి, మొదట తక్కువ పాలిచ్చే రెండు గేదెలకు దాణా తగ్గించి చూస్తాను. కందుకూరు వారి ప్రాంతంలో వేరుశనగ కట్టె ఎప్పుడు వస్తుందో చెబితే బండి తెచ్చుకుంటాను. అలసంద ఒక్కటే వేయాలా, జొన్నతో కలపాలా?

ఎర్రనేల_కనిగిరి
కలపండి. రెండు సాళ్ళు జొన్న, ఒక సాలు అలసంద. జొన్న శక్తినిస్తుంది, అలసంద మాంసకృత్తులిస్తుంది. పాతర వేయాలన్నా (పచ్చిమేతను గాలి తగలకుండా పులియబెట్టి నిల్వ చేయాలన్నా) అలసంద ఒక్కదానితో కుదరదు, చక్కెర చాలక పాడవుతుంది, జొన్నతో గానీ మొక్కజొన్నతో గానీ కలిస్తేనే పులుస్తుంది. జొన్న లేతగా ఉండి నీరందక వాడిపోయినప్పుడు మాత్రం కోయవద్దు, నాము (లేత జొన్నలోని విషం) తగులుతుంది. పూత వచ్చేదాకా ఆగండి.

కందుకూరు_కాయ
కట్టె సంగతి నాకు విడిగా సందేశం పెట్టండి. కాయ కొట్టే వారం ముందే చెబుతాను, బేరగాళ్ళు కళ్ళానికి రాకముందే మీరు రావాలి.

పెన్నా_పాడి
అలసంద విత్తనం ఏ రకం అడగాలి? మా అంగడిలో కూరకు వేసేదే ఉంది.

వెటర్నరీ_కావలి
కూర రకంలో కాయ ఎక్కువ, ఆకు తక్కువ. మేతకు ఈసీ-4216 గానీ యూపీసీ-5286 గానీ అడగండి. రాయితీ మీద మేత విత్తనాలు వచ్చినప్పుడు మీ పశువైద్యశాలలో పేరు రాయించుకుంటే ఇస్తారు, అయితే సీజను మొదట్లోనే అయిపోతాయి.